ఎండ ముదరకముందు, ఒక్కరే, సైకిలు మీద

సంపాదకులకు నమస్కారం.

ఎండలు మొదలైనప్పటి నుంచి పత్రికల్లో వస్తున్న జాగ్రత్తల పట్టికలను నేను శ్రద్ధగానే చదువుతున్నాను. పట్టపగలు బయట తిరగవద్దని, దాహం వేయకపోయినా నీళ్లు తాగుతూ ఉండాలని, తల కప్పుకోకుండా గడప దాటవద్దని మీరు చెప్పే మాటల్లో ఒక్కదానితోనూ నాకు పేచీ లేదు. అయితే అవన్నీ చదివి పక్కన పెట్టేసరికి, వేసవి అంటే తలుపులు వేసుకుని ఎలాగోలా గడిపేయవలసిన శిక్ష అన్న అభిప్రాయమే పాఠకుడికి మిగులుతోంది. మరే కాలంలోనూ ఇంత తీరుబడిగా దొరకని సుఖం ఒకటి వేసవిలోనే ఉంది. అది తెల్లవారుజామున, ఇంటికి దగ్గరలో ఉన్న మట్టిదారుల మీద, ఒక్కరే సైకిలు తొక్కుకుంటూ పోవటం. జాగ్రత్తలకు ఇచ్చే చోటులో పదో వంతు దీనికీ ఇవ్వమని కోరటానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

సైకిలు సంగతి పత్రికల్లో రాదని నేను అనటం లేదు. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2018 ఏప్రిల్‌లో జూన్ 3ను ప్రపంచ సైకిలు దినోత్సవంగా ప్రకటించింది. ఆనాటి నుంచి ఏటా ఆ మర్నాటి సంచికల్లో ఒకే రంగు చొక్కాలు తొడుక్కున్న వందమంది ఒకేసారి బయలుదేరుతున్న ఫొటో కనిపిస్తుంది. మిగతా రోజుల్లో ఆరోగ్యం పేజీలో, అరగంట తొక్కితే ఎంత కొవ్వు కరుగుతుందన్న లెక్కల మధ్య సైకిలు కనిపిస్తుంది. ఈ రెండూ మంచివే. నేను చెబుతున్న ప్రయాణానికి మాత్రం జెండా ఊపేవాళ్లు ఉండరు, కొవ్వు లెక్కలు ఉండవు, ఫలానా చోటికి చేరాలన్న పట్టుదల కూడా ఉండదు.

నిజానికి సైకిలు చరిత్ర మొదలైందే ఇలాంటి ఒక వేసవి ప్రయాణంతో. జర్మనీలోని మన్‌హైమ్‌లో అటవీ శాఖ ఉద్యోగి అయిన కార్ల్ ఫాన్ డ్రైస్, 1817 జూన్ 12న, తాను చేయించుకున్న రెండు చక్రాల చెక్క యంత్రం మీద కూర్చుని, పాదాలతో నేలను వెనక్కు తన్నుకుంటూ శ్వెట్సింగెన్ దారిలోని ఒక మజిలీ దాకా వెళ్లి తిరిగివచ్చాడు. ఆ యంత్రానికి పెడళ్లు లేవు, చైను లేదు, చక్రాలకు రబ్బరు లేదు. రానూ పోనూ సుమారు 14 కిలోమీటర్ల ఆ దూరాన్ని ఆయన గంటలోపే ముగించాడు. అంతకు ముందు ఏడాది, 1816లో, ఐరోపాకు వేసవే రాలేదు. 1815లో తంబోరా అగ్నిపర్వతం పేలి ఆకాశంలోకి ఎగజిమ్మిన పదార్థం ఎండను అడ్డుకోవటంతో పంటలు పోయాయి, గుర్రాలకు దాణా కరువైంది, అందుకే గుర్రం అక్కరలేని బండి కోసం డ్రైస్ ఆలోచించాడని కొందరు చరిత్రకారులు అంటారు. ఆ సంబంధాన్ని ఒప్పుకోని వారూ ఉన్నారు. ఏది నిజమైనా, ఒక వేసవి రాకపోవటానికీ మరుసటి వేసవిలో ఒక మనిషి ఒంటరిగా రెండు చక్రాల మీద బయలుదేరటానికీ మధ్య ఒక్క ఏడాదే ఉండటం నాకు ముచ్చటగా తోస్తుంది.

ఇక నా అనుభవానికి వస్తాను. వేసవిలో ఒంటరి సైకిలు ప్రయాణం ముందు రోజు రాత్రే మొదలవుతుంది. రెండు టైర్లనూ బొటనవేలితో నొక్కి చూడటం, చైను మీద పేరుకున్న మట్టిని పాత గుడ్డతో తుడిచి ఒక్కొక్క లింకుకు ఒక్కొక్క చుక్క నూనె వేయటం, రెండు సీసాల నిండా నీళ్లు పట్టి పెట్టుకోవటం, ఇవన్నీ పడుకోబోయే ముందే కావాలి. పొద్దున్నే చేసుకుందామని వదిలేస్తే, వేసవిలో పొద్దు మన కోసం ఆగదు. రోజు మొత్తంలో అతి తక్కువ ఉష్ణోగ్రత ఉండేది సూర్యోదయానికి కాస్త అటూ ఇటూగా. ఆ తర్వాత గడిచే ప్రతి అరగంటా మన ఖాతాలోంచి పోయినట్టే. అందుకే దారి ఆనవాలు కంటికి తెలిసీ తెలియనప్పుడే, ముందు దీపం వేసుకుని నేను గేటు దాటుతాను.

తారు రోడ్డు వదిలి మట్టిదారిలోకి తిరిగిన క్షణాన మొదట మారేది చప్పుడు. అంతవరకు టైరు కింద సన్నగా ఉన్న హోరు ఆగిపోయి, గులక నలిగే కరకర మొదలవుతుంది. రాత్రి చల్లదనానికి దుమ్ము అణిగి ఉంటుంది కాబట్టి చక్రం వెనక ఏమీ లేవదు. దారి పల్లంలోకి దిగే చోట మోకాళ్ల దాకా చల్లటి గాలి తగులుతుంది, మళ్లీ మెరక ఎక్కగానే అది పోతుంది. గాలి లేని రాత్రుల్లో చల్లబడిన గాలి బరువెక్కి పల్లాల్లోకి జారి నిలుస్తుందని పుస్తకాల్లో చదివి ఉండవచ్చు కానీ, దాన్ని ఒంటి మీద కొలిచి చూపించేది సైకిలే. నడిచేవాడికి ఆ మార్పు మెల్లగా వస్తుంది కాబట్టి తెలియదు, కారులో వెళ్లేవాడికి అద్దాల వల్ల తెలియదు. పదిహేనేళ్లుగా తిరుగుతున్న దారిలో అలాంటి చల్లటి పల్లాలు ఎన్ని ఉన్నాయో, ఏది ఎంతసేపు నిలుస్తుందో నాకు కంఠస్థం.

ఈ దారుల్లో నేను ఆలస్యంగా నేర్చుకున్న సంగతి ఒకటి చెబుతాను. పెడల్ తొక్కటం ఆపేసి సైకిలును దాని మానాన పోనిస్తే చప్పుడు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది అందుకు పూర్తిగా విరుద్ధం. తొక్కటం ఆపగానే వెనక చక్రంలోని ఫ్రీవీల్ టకటకమని చప్పుడు మొదలుపెడుతుంది. గత వేసవిలో దారి మధ్యన కూర్చుని చెవులు నిక్కించిన కుందేలును చూసి, బెదరకూడదని నేను కాళ్లు కదపటం ఆపాను. ఆ టకటక వినిపించీ వినిపించకముందే అది పొదలోకి దూకేసింది. అప్పటి నుంచి, ఏదైనా జీవి కనిపిస్తే, చైను బిగువు సడలకుండా అతి మెల్లగా తొక్కుతూనే దగ్గరికి వెళ్తున్నాను. చప్పుడు లేని సైకిలుకు పక్షులు, ఉడుతలు ఇచ్చే గడువు కాస్త ఎక్కువే. పది మందితో కలిసి వెళ్లినప్పుడు ఈ పాఠం నేర్చుకునే అవకాశం రాదు. అసలు అక్కడ కుందేలు ఉన్న సంగతే తెలియదు.

గుంపుగా తొక్కటాన్ని నేను తక్కువ చేయటం లేదు. తారు రోడ్డు మీద వేగంగా పోయేవారికి దానివల్ల నికరమైన లాభం ఉంది. గాలి మనల్ని వెనక్కు నెట్టే బలం వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది కాబట్టి, ముందువాడి చక్రం వెనక దాగి తొక్కేవాడికి ఎంతో శ్రమ తప్పుతుంది. కానీ గంటకు పన్నెండు కిలోమీటర్ల చొప్పున మట్టిదారిలో పోయేవాడికి గాలి శత్రువే కాదు, అతని శ్రమంతా నేల గతుకులకీ ఎత్తుపల్లాలకీ పోతుంది. ముందువాడి వెనక దాగినందువల్ల అతనికి దక్కేది దుమ్ము మాత్రమే. పైగా గుంపులో ఉన్నంతసేపూ కళ్లు ముందరి చక్రం మీదే ఉండాలి. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రమే కళ్లు దారికి, దారి పక్కకు, ఆకాశానికి తీరికగా తిరుగుతాయి. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో, ఆగిన చోటి నుంచే వెనక్కు తిరిగి ఇంటికి పోవచ్చో లేదో ఎవరినీ అడగనక్కరలేదు. వెనుదిరగటానికి సంజాయిషీ అక్కరలేని ప్రయాణాలు మనిషి జీవితంలో చాలా తక్కువ.

ఒంటరి సైకిలు ప్రయాణానికి పెద్ద సరంజామా కావాలని జంకేవారు థామస్ స్టీవెన్స్ సంగతి తెలుసుకుంటే బాగుంటుంది. ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తున, వెనక చక్రం బుల్లిదిగా ఉండే ఆ కాలపు సైకిలు మీద ఆయన 1884 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బయలుదేరి, 1886 డిసెంబరుకు జపాన్‌లోని యొకొహామా చేరాడు. సైకిలు మీద భూమిని చుట్టివచ్చిన మొదటి మనిషిగా ఆయననే చెబుతారు. వెంట తీసుకెళ్లిన వాటిలో మేజోళ్లు, మారు చొక్కా, రాత్రి డేరాగానూ పడకగానూ పనికొచ్చే ఒక వానకోటు ఉన్నాయి. తొక్కలేని చోటల్లా దిగి నెట్టుకుంటూ నడిచాడు. రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే ఎత్తున ఉండి, చైనుతో వెనక చక్రాన్ని తిప్పే రోవర్ సైకిలును ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసింది 1885లో, అంటే స్టీవెన్స్ దారి మధ్యలో ఉండగా. గాలి నింపిన టైరును బెల్‌ఫాస్ట్‌లో జాన్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలుకు తొడిగి, పేటెంటు తీసుకున్నది 1888లో. మూడున్నర దశాబ్దాల నాటి నా పాత సైకిలు కూడా స్టీవెన్స్ దానితో పోలిస్తే పల్లకీయే.

వేసవి గనుక ఎండ సంగతి చెప్పకుండా ఈ సుఖాన్ని పొగడటం బాధ్యత అనిపించుకోదు. సైకిలు తొక్కేటప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో చక్రాన్ని తిప్పటానికి పనికొచ్చేది నాలుగో వంతు లోపే, మిగిలినదంతా వేడిగా మారి చర్మం గుండా బయటికి పోవాలి. పోవటానికి ముఖ్యమైన దారి చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడిని ఒంట్లోంచి పట్టుకుపోతుంది. సైకిలు కదులుతున్నంతసేపూ మనమే పుట్టించుకునే గాలికి చెమట పట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి చల్లగానే ఉందన్న భ్రమ కలుగుతుంది. చెట్టు కింద ఆగి చూడండి, రెండు నిమిషాల్లో చొక్కా తడిసి వీపుకు అతుక్కుంటుంది. ఆ చెమట అప్పుడు పుట్టింది కాదు, అంతవరకు పడుతూనే ఉంది, మనకు కనిపించలేదంతే. అందుకే ఆగినప్పుడు తాగుదామనుకోకుండా, తొక్కుతున్నప్పుడే పావుగంటకొకసారి రెండు గుక్కలు తాగటం మంచిది. బయటి గాలి చర్మం కంటే, అంటే సుమారు 35 డిగ్రీల కంటే, వేడెక్కిన తర్వాత ఎదురుగాలి మనల్ని చల్లబరచటం మాని వేడినే మోసుకొస్తుంది, చెమట ఒక్కటే దిక్కవుతుంది. ఆ వేళకు ఇంట్లో ఉండటమే వివేకం. తల తిరిగినా, ఒళ్లు జలదరించినా, చెమట హఠాత్తుగా ఆగిపోయినా వెంటనే దిగి నీడ పట్టున కూర్చుని, ఒళ్లు తడుపుకుని, ఎవరినైనా పిలవాలి. మొదటి వారం పది రోజులు దూరం తగ్గించుకుంటే శరీరం మెల్లగా ఎండకు అలవాటు పడుతుంది. మొదటి రోజే పౌరుషానికి పోవటం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఎండలో నిలబెట్టిన సైకిలు టైరు పేలిపోతుందన్న భయం చాలామందికి ఉంది. 25 డిగ్రీల దగ్గర నింపిన గాలి 45 డిగ్రీలకు వేడెక్కితే లోపలి పీడనం పెరిగేది 7 శాతం. మంచి టైరు దానికి చలించదు. పేలేది అప్పటికే పక్కలు పగిలి నూలు బయటపడిన టైరు, నింద మాత్రం ఎండ మీద పడుతుంది.

ఈ దారుల్లో నాకు తరచు ఎదురయ్యే చిక్కు ముల్లు. మొదటిసారి పంక్చరైనప్పుడు నేను చేసిన తెలివితక్కువ పనిని ఇక్కడ ఒప్పుకుంటాను. టైరు విప్పి, ట్యూబు బయటకు లాగి, దగ్గర నీళ్లతొట్టి లేదు కాబట్టి ట్యూబును చెంపకు ఆనించి తిప్పుతూ సన్నటి గాలిపోటు తగిలిన చోటును పట్టుకున్నాను. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, తడి మెరుపు పోయేదాకా ఓపిక పట్టి, ప్యాచ్ అంటించి, గట్టిగా అదిమి, చాలా గర్వంగా గాలి కొట్టి బయలుదేరాను. రెండు వందల గజాలు పోకముందే వెనక చక్రం మళ్లీ నేలకు అంటుకుపోయింది. ముల్లు టైరులోనే ఉంది! ఉన్న ఒక్క ప్యాచ్ అయిపోయింది. నాలుగు కిలోమీటర్లు సైకిలును నడిపించుకుంటూ ఇంటికి వచ్చాను. ఇప్పుడు ట్యూబు సంగతి చూడటానికి ముందే టైరు లోపలి వైపు చుట్టూ వేలికొసతో మెల్లగా తడుముతాను. బయటినుంచి కంటికి కనిపించని ముల్లు లోపలినుంచి వేలికి చురుక్కున తగులుతుంది. దాన్ని గోటితో పీకి అరచేతిలో పెట్టుకుని చూస్తే, బియ్యపు గింజలో సగం కూడా ఉండదు.

ఇసుక మేట వేసిన చోట మరో నేర్పు కావాలి. చక్రం జారుతోందని తోచగానే చెయ్యి ముందు బ్రేకు మీదికి పోతుంది, అక్కడే పడిపోతాం. బరువును సీటు మీద కాస్త వెనక్కు వేసి, హ్యాండిల్‌ను పిడికిట్లో బిగించకుండా వదులుగా పట్టుకుని, తొక్కటం ఆపకుండా పోతే సైకిలే దారి వెతుక్కుంటుంది. టైర్లలో గాలి కాస్త తగ్గించినా నేల మీద పట్టు పెరుగుతుంది. ఇంతకు మించి మట్టిదారికి విద్య ఏమీ అక్కరలేదు.

ఒక్కరే వెళ్లటం ప్రమాదం కాదా అని మా ఇంట్లోనే ఇప్పటికీ అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఏ దారిన వెళ్తున్నానో, ఎన్నింటికి తిరిగివస్తానో ఒక చీటీ రాసి బల్ల మీద పెట్టి వెళ్తాను, ఆ వేళ దాటితే వెతకటం మొదలుపెట్టవచ్చని ఒప్పందం. తలకు హెల్మెట్, జేబులో ఫోను, సంచిలో ప్యాచులు, పంపు ఉంటాయి. అయితే నేను మగవాడిని, కాస్త వయసు మళ్లినవాడిని కాబట్టి ఈ మాత్రం జాగ్రత్తతో సరిపోతున్నదని నాకు తెలుసు. మా అమ్మాయి అదే దారిలో అదే వేళకు ఒంటరిగా వెళ్తానన్నప్పుడు నేనే రెండుసార్లు ఆలోచించాను, ఆలోచించినందుకు ఆమె ముందు చిన్నబోయాను. నిర్మానుష్యంగా ఉండే దారికి భయం పుడుతుంది, భయం పుట్టిన దారి మరింత నిర్మానుష్యమవుతుంది. ఒకరికొకరు తెలియని పదిమంది, ఎవరి మానాన వారు, ఉదయం పూట ఆ దారిన తొక్కుకుంటూ పోవటం మొదలైతే అందరికీ ఒంటరితనం మిగులుతుంది, భయం మాత్రం తగ్గుతుంది.

సైకిలు తొక్కేవారికి బాధ్యతలూ ఉన్నాయి. డ్రైస్ యంత్రం బయటకు వచ్చిన కొద్ది కాలానికే ఐరోపాలో పలు పట్టణాలు కాలిబాటల మీద దాన్ని నడపకూడదని నిషేధించాయి. నడిచేవారిని గుద్దుకుంటూ పోయినందుకు దక్కిన ఫలితం అది. మట్టిదారి మొదట నడిచేవాడిది. వెనకనుంచి వస్తున్నప్పుడు దూరంగా ఉండగానే ఒక్కసారి బెల్లు కొట్టి, వేగం తగ్గించి, పక్కనుంచి పోవాలి. మరీ దగ్గరికి వచ్చి కొట్టే బెల్లు మనిషిని బెదరగొడుతుంది, బెదిరినవాడు ఎటు జరుగుతాడో చెప్పలేం. వాన పడి మెత్తబడిన దారిలో ఒకటి రెండు రోజులు తొక్కకుండా ఉండటం కూడా మర్యాదే, ఎందుకంటే ఆ తడిలో పడిన చక్రపు గాడి ఎండకు గట్టిపడి, తర్వాతి వాన దాకా అందరి చీలమండలకూ ముప్పుగా మిగులుతుంది.

ఇప్పుడు అసలు విన్నపానికి వస్తాను. నేను తిరిగే దారుల్లో ఒకదానికి ఈ మధ్య ఇరువైపులా ఇనుప గేట్లు పెట్టారు. మోటారు వాహనాలు లోపలికి రాకుండా చేయటం మంచి ఉద్దేశమే, నేను దాన్ని సమర్థిస్తాను. కానీ పక్కన వదిలిన సందు మనిషి ఒకవైపు తిరిగి దూరేంత మాత్రమే ఉంది. హ్యాండిల్ పట్టదు. సైకిలును భుజానికి ఎత్తుకుని గేటు మీదుగా దాటించటం నాకు ఇప్పటికి సాధ్యమవుతున్నది, నాకంటే పెద్దవారికీ పిల్లలకూ సాధ్యం కాదు. చక్రాల కుర్చీలో వచ్చేవారి సంగతి చెప్పనే అక్కరలేదు. మరో దారికి సిమెంటు వేసి వెడల్పు చేస్తామని, అందుకు పక్కనున్న చెట్లు తీసేస్తామని మాట వినిపిస్తోంది. వేసవిలో ఆ దారికి ఉన్న విలువంతా ఆ చెట్ల నీడలోనే ఉంది. సిమెంటు పగటి వేడిని మింగి, పొద్దుగుంకాక కూడా చాలాసేపు కక్కుతుంది. సైకిలుకు కావలసింది ఒక చక్రం పట్టేంత గట్టి నేల, అది అక్కడ ఇప్పటికే ఉంది.

కాబట్టి, ఈసారి జూన్ 3న ఫొటో వేసేటప్పుడు, దాని పక్కన ఇలాంటి దారుల స్థితి గురించి నాలుగు మాటలు వేయవలసిందిగా కోరుతున్నాను. గేట్లు పెట్టే అధికారుల దృష్టికి తీసుకెళ్లవలసిన కొలత కూడా ఒక్కటే. నా సైకిలు హ్యాండిల్ వెడల్పు 58 సెంటీమీటర్లు, కొత్త సైకిళ్లలో కొన్నింటికి ఇది 75 దాకా ఉంటుంది. గేటు పక్కన నిండా ఒక మీటరు సందు వదిలితే సైకిలు, పిల్లల బండి, చక్రాల కుర్చీ దిగకుండానే దాటిపోతాయి. వేసవి ముగిసేలోగా ఆ ఒక్క గేటునైనా జరిపిస్తే, రేపటి నుంచి సైకిలును ఎత్తకుండా వెళ్లవచ్చు.

భవదీయుడు,
ఒక పాఠకుడు